భోగ్యం దుడ్లు

పరీక్షలైపోయిన మరుసటి శనివారం, మా బడి మూసేస్తున్నామని యాజమాన్యం వాళ్ళు చెప్పారు. బాగేపల్లిలో అదొక చిన్న ప్రైవేటు బడి. నేను అక్కడ కన్నడం చెప్పేదాన్ని. మా ఆయన అదే బడి వ్యాను నడిపేవాడు. పిల్లలు ఏటికేడు తగ్గిపోతూ వచ్చారు. ఆఖరి ఏడాది వ్యానులో సగం సీట్లు ఖాళీగానే తిరిగేవి. కాబట్టి ఇది ఎప్పుడో ఒకప్పుడు వినాల్సిన మాటేనని ఇద్దరికీ తెలుసు. ఒకే ఇంట్లో రెండు జీతాలు ఒకే రోజు ఆగిపోతాయన్న ఆలోచన మాత్రం ఎందుకో అప్పటిదాకా మాకు రాలేదు.

నెల తిరక్కముందే నాకు చిక్కబళ్ళాపురంలో ఇంకో బడిలో పని దొరికింది. అక్కడి పూల మార్కెట్టులో ఒక మండీ వాళ్ళు మా ఆయనను టెంపో నడపడానికి రమ్మన్నారు. గట్టెక్కాం అనుకున్నాం. బాగేపల్లి ఇల్లు ఖాళీ చేసి, యజమాని దగ్గర మా భోగ్యం డబ్బు తీసుకుని, చిక్కబళ్ళాపురంలో ఇల్లు చూసుకోవడమే మిగిలింది.

మా వైపు ఇల్లు రెండు రకాలుగా ఇస్తారు. నెలనెలా బాడుగ కట్టేది ఒకటి. రెండోది భోగ్యం. యజమాని చేతిలో ఒకేసారి పెద్ద మొత్తం పెడితే మూడేళ్ళపాటు బాడుగ లేకుండా ఉండొచ్చు. ఖాళీ చేసే రోజు ఆయన ఆ మొత్తాన్ని అణా తగ్గకుండా తిరిగి ఇవ్వాలి. మేం మూడు లక్షలు ఇచ్చాం. చింతామణిలో మా అమ్మ పోయాక నా వంతుకు వచ్చిన బంగారం అమ్మగా వచ్చింది సగం. మిగతా సగం ఏళ్ళ తరబడి కట్టిన చీటీ. అది తప్ప మాకు వెనకేసుకున్నదంటూ ఏమీ లేదు.

ఇంటి యజమాని మిట్టేమరి దగ్గర పల్లెలో సేద్యం చేసే పెద్దాయన. టమాటాకు మంచి ధర పలికిన ఒక ఏడాది ఆ ఇల్లు కట్టాడు. తన కొడుకూ కోడలూ టౌనులో ఉంటారని కట్టాడు గానీ, వాళ్ళు బెంగళూరు చేరిపోవడంతో మాకిచ్చాడు. ఆ ఇంట్లో మొదట దిగింది మేమే. చలికాలంలో మిట్టేమరి బస్సు దిగి, భుజాన అనపకాయల మూట వేసుకుని వచ్చేవాడు. "తీసుకో అమ్మా, మందు కొట్టని కాయ," అనేవాడు. మా అమ్మ సంవత్సరీకం రోజున ఎవరూ పిలవకుండానే చింతామణి దాకా వచ్చి, మూలన కూర్చుని, భోజనం చేయకుండా వెళ్ళిపోయాడు. అలాంటి మనిషి.

ఫోను చేసి విషయం చెప్పాను.

"ఖాళీ చేస్తాండామప్పా. మూడు నెలలు టైము పెట్టుకో. మా దుడ్లు మాకు ఇచ్చేస్తే అక్కడ ఇల్లు చూసుకుంటాం."

"ఇస్తానమ్మా. నీ దుడ్లు యాడికి పోతాయి? తోటలో టమాటా ఉండాది. కాయ దిగుతానే తెచ్చి నీ చేతిలో పెడతా."

కాయ దిగింది. ధర కూడా దిగింది. ఆ నెలలో చింతామణి మార్కెట్టు నుంచి వచ్చే దారిలో రోడ్డు పక్కన పారబోసిన టమాటా ఎండకు ఉడికి వాసన కొట్టేది. నాకు ఆయన దగ్గర అడగబుద్ధి కాలేదు. అడక్కుండా ఉండే స్తోమతా లేదు. బడి తెరిచారు. మా ఆయన మండీలోనే పడుకునేవాడు. నేను రోజూ బాగేపల్లి నుంచి చిక్కబళ్ళాపురానికి బస్సులో పోయి వచ్చేదాన్ని. చీకటితో లేచి, నిలబడి ప్రయాణం చేసి, పిల్లల ముందు నిలబడి, మళ్ళీ నిలబడే తిరిగొచ్చేదాన్ని. జీతంలో బస్సుకు పోయేది పోను మిగిలింది చూస్తే ఏడుపొచ్చేది. ఫోను చేస్తే పెద్దాయన ప్రతిసారీ ఎత్తేవాడు. తప్పించుకుని ఉంటే కోపమన్నా మిగిలేది.

అలా ఉండగా ఒక సాయంత్రం తలుపు సందులో ఒక కవరు కనిపించింది. ఆయన పేరున వచ్చే ఉత్తరాలు ఆ ఇంటికే వచ్చేవి. నేను తీసిపెట్టి, వచ్చినప్పుడు ఇచ్చేదాన్ని. ఎప్పుడూ విప్పి చూడలేదు. ఆ రోజు కవరు మీద బ్యాంకు ముద్ర చూసి విప్పాను. కన్నడం చెప్పే దాన్ని కదా, ఒక్క మాట కూడా అర్థం కాలేదని అనుకోవడానికి వీలు లేకపోయింది. ఇంటిని తాకట్టు పెట్టి తీసుకున్న అప్పు కట్టలేదని, అరవై రోజుల్లో మొత్తం కట్టకపోతే ఇల్లు స్వాధీనం చేసుకుని హరాజు వేస్తామని రాసి ఉంది. హరాజు అంటే వేలం. ఆ మాటను ఐదో తరగతి పిల్లలకు సొంత వాక్యంలో రాయమని నేనే ఎన్నోసార్లు చెప్పి ఉంటాను.

ఆదివారం ఆ ఉత్తరం తీసుకుని పల్లెకు వెళ్ళాను. దారి పొడవునా ఏం అనాలో కూడబలుక్కున్నాను. ఇంత మోసమా అప్పా అని మొదలుపెట్టాలనుకున్నాను. ఆయన వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. నా చేతిలో కవరు చూడగానే తల దించుకున్నాడు. మాట్లాడింది ఆయన భార్య.

"దాచాలని కాదమ్మా. చెప్పేకి మొగం లేక చెప్పలే. రా, చూద్దువు," అని నన్ను తోటలోకి తీసుకుపోయింది.

తోట అని పేరే. పచ్చగా ఉన్నది ఒక మూల రెండు మళ్ళు. గట్టు వెంట నడుస్తూ ఆమె మూడు చోట్ల ఆగింది. మూడు చోట్లా నేలలోంచి జానెడు పైకి వచ్చిన ఇనుప గొట్టం, దాని మీద మూత పెట్టినట్టు బండరాయి.

"ఇది పాత బోరు, ఎండిపోయె. దీని ఎనకాల ఇంకొకటి ఏపిచ్చినాం, పన్నెండు నూర్ల అడుగులు. మీరిచ్చిన దుడ్లు దాంట్లోనే పోసినాం. దుమ్ము తప్ప ఏం రాలే. ఇంగ ఇల్లు బ్యాంకులో పెట్టి అదో, ఆ మూడోది ఏపిచ్చినాం. నాలుగు నెలలు వచ్చినాయి నీళ్ళు. మళ్ళ నిలిచిపోయె."

నేను రెండో గొట్టం దగ్గర నిలబడిపోయాను. రాయి పక్కకు జరిపితే లోపల చీకటి. మా అమ్మ చేతి గాజులు, మా ఆయన నెలనెలా కట్టిన చీటీ, అన్నీ ఆ చీకట్లోకి పోయాయి. ఎవరూ తినలేదు, ఎవరూ తాగలేదు. దొంగ అని అనడానికి అక్కడ మనిషి లేడు. ఇంటికి తిరిగొచ్చేటప్పుడు ఆమె రెండు శేర్ల రాగులు సంచిలో పోసి బలవంతంగా చేతికిచ్చింది. వద్దనే ఓపిక కూడా లేక తీసుకున్నాను. బస్సులో ఆ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, ఇక మాకు ఇల్లంటూ ఉండదేమో అనిపించింది.

మరుసటి వారం చిక్కబళ్ళాపురం కోర్టు దగ్గర ఒక వకీలును కలిశాం. మా స్టాంపు పేపరు తిప్పి చూశాడు. రిజిస్టరు చేయించలేదు కదా అన్నాడు. ఎవరు చేయిస్తారు సార్ మా ఊళ్ళో అని మా ఆయన అన్నాడు. వకీలు నవ్వలేదు, కోప్పడలేదు. "మొదలు బ్యాంకు, ఆమేలె నీవు," అన్నాడు కన్నడంలో. ముందు బ్యాంకు తన బాకీ వసూలు చేసుకుంటుంది, ఏమన్నా మిగిలితే అప్పుడు మీరు. కేసు వేస్తే ఏళ్ళు పడుతుంది. వేయొద్దని చెప్పను, వేయమనీ చెప్పను అన్నాడు. మేం లేచి తలుపు దాకా వచ్చాక వెనకనుంచి పిలిచాడు.

"అరవై దినాల్లో ఇంకా ఎన్ని ఉండాయి?"

"నలభై చిల్లర."

"అయితే ఏంటికి నా దగ్గరికి వచ్చినారు? బోర్డు పెట్టండి. ఇంకొకరిని దింపి, వాళ్ళిచ్చే దుడ్లు మీరు తీసుకుని పోండి. అందరూ చేసేది అదే."

ఆ మాట విన్నప్పుడు నా ఒళ్ళు తేలికైంది. దాచి లాభం లేదు. ముందు కలిగింది ఆ తేలికే. సిగ్గు తర్వాత వచ్చింది, అదీ బస్టాండు చేరేసరికి.

"మనం చెప్పాల్సిన పని లేదా?" అని మా ఆయనను అడిగాను.

"ఎవరికి?"

"వచ్చేవాళ్ళకి. బ్యాంకు సంగతి."

"చెప్తే ఎవరు దిగుతారు? ఓనరు చెప్పుకోవల్ల అది. ఇల్లు ఆయనది, అప్పు ఆయనది. మనం భోగ్యానికి ఉన్నోళ్ళం. నువ్వు నోరు తెరిస్తే మనం రోడ్డు మీద ఉంటాం, అంతే."

బోర్డు నేనే రాశాను. అట్ట మీద కన్నడంలోనూ తెలుగులోనూ, ఇల్లు భోగ్యానికి ఇవ్వబడును అని. నా చేతిరాత బాగుంటుందని బడిలో అందరూ అనేవారు.

ఇద్దరు ముగ్గురు వచ్చి చూసి పోయారు. తర్వాత మంచేనహళ్ళి వైపు నుంచి ఒక భార్యాభర్తలు వచ్చారు. వాళ్ళ వెంట హైస్కూలులో చేరబోయే కూతురు. ఆవులు పెట్టుకుని పాలు పోసి బతికేవాళ్ళు. అన్నదమ్ముల భాగాలు జరిగాక మిగిలిన కొంచెం నేల, ఆవులు అమ్మేశారు. బాగేపల్లి బస్టాండు దగ్గర బండి పెట్టి ఇడ్లీ, దోసె అమ్మాలని వాళ్ళ ఆలోచన. ఆమెకు నాకంటే నాలుగైదేళ్ళు తక్కువుంటాయి. ఇల్లంతా తిరిగి చూసింది. కొళాయి తిప్పి చూసింది. వంటింట్లో గ్రైండరు యాడ పెట్టుకోవచ్చో తనలో తాను చెప్పుకుంది. కూతురు లోపలి గదిలో కిటికీ పక్కన నిలబడి, "అమ్మా, ఇది నాకు," అంది.

వెళ్ళేముందు ఆమె నన్ను పక్కకు పిలిచింది. ఆడవాళ్ళం కదా, ఆడవాళ్ళతోనే అడగాలనుకుంది.

"అక్కా, మేము పల్లెటూరోళ్ళం. మా దగ్గర ఉండేది ఇవే దుడ్లు. ఓనరు మంచోళ్ళేనా?"

"మంచోళ్ళే," అన్నాను.

"ఏం తొందర లేకుండా ఉండనిస్తారా?"

"ఆయన ఎప్పుడూ ఒక మాట అనినోడు కాదు."

రెండూ నిజాలే. ఈ రెండు నిజాలు చెప్పినంత తడబాటు లేకుండా నేను జీవితంలో ఏ అబద్ధమూ చెప్పి ఉండను. ఆమె నా చెయ్యి పట్టుకుని వదిలింది. గుమ్మం దగ్గర నిలబడి ఉన్న మా ఆయన లోపలికి వెళ్ళిపోయాడు.

డబ్బు చేతులు మారిన రోజు పెద్దాయన ఉతికిన పంచె కట్టుకుని వచ్చాడు. కొత్త స్టాంపు పేపరు మీద సంతకం పెట్టాడు. బ్యాంకు సంగతి ఆయన చెబుతాడేమోనని నేను చూశాను. నేను చెబుతానేమోనని ఆయన నా వైపు చూశాడు. ఇద్దరం చెప్పలేదు. ఇడ్లీ బండి ఆయన ప్లాస్టిక్ కవరులోంచి కట్టలు తీసి పెద్దాయన చేతిలో పెట్టాడు. ఆయన వాటిని తడిమి కూడా చూడకుండా అటునుంచటే నా చేతిలో పెట్టాడు.

"నీ దుడ్లు నీకు చేరిపాయె అమ్మా," అన్నాడు. ఆయన కళ్ళ నిండా నీళ్ళు. కొత్తగా దిగేవాళ్ళు అది చూసి, ఎంత మెత్తటి మనిషో అనుకుని ఉంటారు.

మర్నాడే మేం సామాను టెంపోలో వేసుకుని చిక్కబళ్ళాపురం వచ్చేశాం. ఇక్కడ బాడుగ ఇల్లే తీసుకున్నాం. అడ్వాన్సు కట్టగా మిగిలింది బ్యాంకులో వేశాం. పోగొట్టుకున్నది తిరిగొస్తే మనిషికి నిద్ర పట్టాలి. నాకు పట్టేది కాదు. బాగేపల్లి నుంచి వచ్చే బస్సు కనబడితే తల తిప్పుకునేదాన్ని. బ్యాంకు వాళ్ళు ఒప్పుకుని ఉంటారు, కొడుకు బెంగళూరు నుంచి పంపి ఉంటాడు, మూడో బోరులో మళ్ళీ నీళ్ళు వచ్చి ఉంటాయి అని నాకు నేనే చెప్పుకునేదాన్ని. ఒక్కసారి ఫోను చేసి కనుక్కుంటే సరిపోయేది. చేయలేదు.

ఎనిమిది నెలల తర్వాత ఇడ్లీ బండి ఆమే చేసింది. నేను బడిలో ఉన్నాను.

"అక్కా, బ్యాంకోళ్ళు వచ్చి గోడకు కాగితం అంటించినారు. నాకు కన్నడం సరిగ్గా రాదు. పాప చదివి ఏడుస్తాండాది. నువ్వు ఒక్కసారి వస్తావా?"

ఆదివారం వెళ్ళాను. మా ఆయన రానన్నాడు. కాగితం వీధి గోడకు, కిటికీ పక్కన అంటించి ఉంది. పోయేవాళ్ళందరూ ఆగి చదువుతున్నారు. ఇంట్లో గ్రైండరు ఆమె అనుకున్న చోటే ఉంది. బండి పెట్టడం లేదట, రెండు రోజులుగా. ఆమె భర్త మిట్టేమరి పల్లెకు పోయి వచ్చాడు. అక్కడ ఇల్లు తాళం వేసి ఉందట. ముసలివాళ్ళిద్దరూ యాడికి పోయారో ఊళ్ళో ఎవరూ చెప్పలేదట.

ఆమె నాకు నీళ్ళు ఇచ్చింది. నేను తాగేదాకా ఆగింది.

"అక్కా, నీకు ముందే తెలుసా?"

తెలియదని చెప్పొచ్చు. వస్తూ వస్తూ అదే అనుకుంటూ వచ్చాను. ఆమె నమ్మేది కూడా. కానీ చదువుకున్నదాన్నని, అండగా ఉంటానని నన్నే పిలిపించింది. ఆ మనిషి ముందు రెండోసారి అబద్ధానికి నోరు రాలేదు.

"తెలుసు," అన్నాను.

కొడుతుందేమో, వీధిలోకి ఈడుస్తుందేమో అనుకున్నాను. అదే బాగుండేది. ఆమె గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది.

"ఆ దినము ఒక్క మాట చెప్పింటే మేము ఎనక్కి పోయేవాళ్ళం కదా అక్కా."

నేను గ్లాసు కింద పెట్టాను.

ఆమే మళ్ళీ అంది. "చెప్పింటే నీ దుడ్లు పోయేవి. అంతే కదా." అడిగినట్టు లేదు. లెక్క సరిచూసుకున్నట్టు ఉంది. "నేనైనా చెప్పిందునో లేదో."

క్షమించిందనుకోవడానికి నాకు ధైర్యం లేదు. ఆ మాటలో క్షమ లేదు. ఇక ఎవరినీ నమ్మేది లేదన్నదే అందులో నాకు వినబడింది. లోపలి గదిలోంచి వాళ్ళ పాప నన్ను చూస్తూ ఉంది. చూసి తలుపు వేసుకుంది.

వాళ్ళను తీసుకుని బ్యాంకుకు పోయాను, తాలూకు ఆఫీసుకు పోయాను, కోర్టు దగ్గర ఆ వకీలు దగ్గరికే పోయాను. అర్జీలన్నీ నేనే రాశాను. అందరూ మర్యాదగానే మాట్లాడారు. అందరూ చెప్పింది ఒకటే, ముందు బ్యాంకు అని. వకీలు నన్ను గుర్తుపట్టాడు. వాళ్ళ ముందు ఏమీ అనలేదు. బయటికి వచ్చేటప్పుడు మాత్రం నా వైపు చూసి, "వీళ్ళకు బోర్డు పెట్టే టైము కూడా లేదమ్మా," అన్నాడు.

ఇల్లు వేలంలో పోయింది. కొన్నవాళ్ళు నెల గడువు ఇచ్చారు. బ్యాంకు బాకీకి సరిపోగా మిగిలింది లేదన్నారు.

మా డబ్బులో సగమైనా వాళ్ళకిద్దామని మా ఆయనను అడిగాను. పది రోజులు మా ఇద్దరికీ మాటల్లేవు. చివరికి ఆయన, "సగం ఇస్తే వాళ్ళ కష్టం తీరదు, మనది మొదలవుతుంది," అన్నాడు. అందులో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. ఒక నెల జీతం మొత్తం ఆమె ఫోనుకు పంపాను. "వచ్చినాయి," అని ఒక్క ముక్క రాసింది. రెండో నెల పంపబోతే ఆ నంబరు పనిచేయలేదు. వాళ్ళు మంచేనహళ్ళి వైపే వెళ్ళిపోయి, ఎవరిదో కొట్టంలో ఆవులు చూసుకుంటున్నారని, పాపను బడి మాన్పించారని బాగేపల్లి బస్టాండు దగ్గర పూలమ్మే ఆమె చెప్పింది. ఎవరి కొట్టమో ఆమెకు తెలియదు. నేను వెతుక్కుంటూ పోలేదు. వెళ్ళి ఏం మొగం చూపించను?

పెద్దాయన మాత్రం ఈ మధ్య కనిపించాడు. చిక్కబళ్ళాపురం బస్టాండులో, వాచ్‌మన్ చొక్కా వేసుకుని, బెంగళూరు బస్సు కోసం నిలబడి ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. దేవనహళ్ళి దాటాక ఏదో లేఅవుట్లో కాపలా పని అట. భార్య అక్కడే రెండిళ్ళలో పాత్రలు తోముతోందట. ఊరికి దేనికో వచ్చి తిరిగి పోతున్నాడు. నన్ను చూసి దగ్గరికి వచ్చాడు.

"బాగుండావా అమ్మా?"

"ఉండానప్పా."

ఇడ్లీ బండి వాళ్ళ గురించి అడుగుతాడనుకున్నాను. అడగలేదు. నేనూ ఎత్తలేదు. బస్సు వచ్చి ఆగింది. జనం తోసుకుంటూ ఎక్కుతున్నారు. ఆయన చేతిసంచి సర్దుకుని, ఎక్కబోతూ వెనక్కి తిరిగాడు.

"అందరికీ బాకీ పడి పోయినా. నీకొక్కదానికి ఇచ్చేసినా చూడు, అదొకటే నాకు నెమ్మది," అన్నాడు.

ఆయన ఎక్కాక కూడా నేను అక్కడే నిలబడ్డాను. చెయ్యి ఎత్తాడు. నేనూ ఎత్తాను. బడికి ఆ రోజు ఆలస్యంగా వెళ్ళాను.